పాతమేడల దయ్యములు

ఇంగ్లీషు సాహిత్యమున మేడదయ్యపుకథలకు ఒక ప్రత్యేకస్థానము కలదు. పాతబడిన జమీందారీ భవనము, పొడవైన నడవలు, గోడలకు వ్రేలాడు పూర్వికుల చిత్తరువులు, నడిరేయి మెట్లమీద అడుగుల చప్పుడు, దీపము చేతబట్టి నడచిపోవు నొక యిల్లాలు - ఇవి యా కథలకు సామాన్యలక్షణములు. మన చదువరుల యిండ్లలో వీనిని ఇంగ్లీషున చదువువారును, తెలుగున మార్చి చెప్పువారును, తెరమీద చూచువారును పెక్కుమంది కలరు. భయానకమును రసములలో నొకటిగా నంగీకరించిన సంప్రదాయము మనది. కావున భయము గొల్పినంతమాత్రమున నొక కథను త్రోసివేయుట మాకు సమ్మతము కాదు. కాని రసమునకు ఆలంబన మొకటి యుండవలెనని మన లాక్షణికులే చెప్పిరి. ఈ కథలలో భయమునకు ఆలంబన మెవరు? కథలోని దయ్యము తన వ్రేలిని ఎవరివైపు చూపుచున్నది? ఈ యొక్క ప్రశ్నతో ఆ కథలను పరీక్షింప దలచితిమి.

మొదట మిక్కిలి ప్రసిద్ధమైన కథను తీసికొందము. ఇంగ్లాండున నార్ఫోకు మండలమందు రేనమ్ హాల్ అను భవనము కలదు. అది టౌన్షెండు ప్రభువుల నివాసము. అందు గోధుమరంగు పట్టుగౌనుతో తిరుగునని చెప్పబడు దొరసాని పేరు డొరొతీ వాల్పోలు. ఈమె ఇంగ్లాండు ప్రథమ ప్రధానమంత్రిగా పేర్కొనబడు రాబర్టు వాల్పోలునకు సోదరి, రెండవ టౌన్షెండు ప్రభువునకు రెండవభార్య. ఆ ప్రభువు పొలములలో టర్నిప్పు దుంపల సాగును వ్యాపింపజేసి, ఆ దుంప పేరుతోనే యెగతాళి బిరుదు పొందినవాడు. భార్యపై కోపించి ఆయన ఆమెను గదిలో నిర్బంధించెననియు, బిడ్డలను చూడనీయలేదనియు, ఆ దుఃఖముతో మరణించిన యామె నేటికిని మెట్లమీద తిరుగుచున్నదనియు కథ.

ఇక సాక్ష్యములను విడదీసి చూతము. 1836 ప్రాంతమున నావికుడును నవలారచయితయు నగు కెప్టెన్ ఫ్రెడరిక్ మారియట్ ఆ యింట బసచేసి, దీపముతో నెదురువచ్చి వికృతముగా నవ్విన యా స్త్రీపై పిస్తోలు కాల్చెననియు, గుండు ఎదుటి తలుపున దిగెననియు చెప్పుదురు. ఇది ఎవరు చెప్పిరి? ఆయన కూతురు ఫ్లారెన్సు. ఎప్పుడు చెప్పినది? 1891లో, తండ్రి మరణించిన నలువదిమూడేండ్లకు. ఆమె పుట్టినది 1833లో. సంఘటన జరిగినదన్న నాటికి మూడేండ్ల పసిపాప. పైగా ఆ గ్రంథము మరణమే లేదని నిరూపింపబూని వ్రాసినది. తండ్రికి కూతురు ఆప్తురాలే. కాని న్యాయశాస్త్రము చెప్పిన ఆప్తవాక్యమునకు ఆ బంధుత్వము చాలదు.

రెండవ సాక్ష్యము ఒక ఛాయాచిత్రము. 1936 సెప్టెంబరు 19వ తేదీన ఆ మెట్లమీద తీసినదానిలో ముసుగువంటి యొక తెల్లని యాకారము కనబడును. అది కంట్రీ లైఫ్ పత్రికలో డిసెంబరు 26న, అనగా క్రిస్మసు మరునాడు, వెలువడినది. ఆ దినములలో చలిమంట చుట్టును చేరి దయ్యపుకథలు చెప్పుకొనుట ఆ దేశపు అలవాటు. డికెన్సు తన ప్రసిద్ధమైన క్రిస్మసుకథను 1843 డిసెంబరులో వెలువరించినదియు ఆ ఋతువు నెరిగియే. ఒకే పలకమీద రెండు ప్రతిబింబములు పడుటవలనను, కెమెరాలో వెలుగు చొరబడుటవలనను ఇట్టి మసకరూపములు ఏర్పడగలవని ఆ విద్య తెలిసినవారు చెప్పుదురు. పండుగ అంగడికి సరుకు సకాలమున చేరినదని మాత్రము మేము చెప్పగలము.

చరిత్ర చెప్పునది వేరు. డొరొతీ 1726లో మశూచికముతో మరణించినది. అంతకు ఐదేండ్ల ముందే, 1721లో, మేరీ వర్ట్లీ మాంటేగు అను వనిత టర్కీదేశమున తాను చూచిన అంటువేయు పద్ధతిని ఇంగ్లాండున తన కుమార్తెకు వేయించి చూపినది. జెన్నరు టీకా రావలెనన్న ఇంకను డెబ్బదేండ్లు గడువవలెను. ప్రభువు మేడయని, పేదవాని గుడిసెయని ఎంచక ఆ వ్యాధి కబళించుచుండిన కాలమది. కథ చేసిన పని యేమన, వ్యాధిని ప్రక్కకు త్రోసి ఆ చోటున నొక దోషిని నిలిపినది. దోషి దొరకిన వెంటనే కథ రక్తికట్టినది. ఐనను ఆ కల్పనలో నొక సత్యము దాగియున్నదని ఒప్పుకొనక తప్పదు. తల్లిని బిడ్డలనుండి విడదీయు నధికారము భర్తకు ఆనాటి ఆంగ్లన్యాయము నిజముగానే యిచ్చియుండెను. 1839లో కరొలైను నార్టను పోరాటఫలముగా వచ్చిన చట్టమే ఆ యధికారమును మొదట కొంత సడలించినది. గదిలో బంధింపబడిన దొరసాని కథ ఆ యింటి స్త్రీలు బాహాటముగా చెప్పుకొనలేని భయమునకు రూపము కావచ్చును. వ్రేలు చచ్చిన ప్రభువువంక చూపుటచేత ఎవరికిని హాని లేదు.

ఈ వంశమున మరియొక విశేషము కలదు. డొరొతీకి మేనల్లుడగు హోరేసు వాల్పోలు 1764 డిసెంబరులో ఒట్రాంటో కోటనుగూర్చిన నవల నొకదానిని ప్రకటించెను. ఇంగ్లీషున భీతిగొల్పు కోటల, మేడల నవలలకు అదియే మూలము. మొదట దానిని తనదని చెప్పుకొనక, పాత ఇటాలియను గ్రంథమునకు అనువాదమని చెప్పెను. అంతకు రెండేండ్ల ముందు, 1762 జనవరిలో, లండనునందలి కాక్ లేన్ అను సందులో దయ్యము చప్పుడు చేయుచున్నదని విని, ప్రభువులతో కలిసి బండిలో వెళ్లి చూచివచ్చెను. అది మేడ కాదు, ఇరుకైన అద్దెయిల్లు. మా వాదమునకు కీలకము ఆ యద్దెయింటనే యున్నది.

విలియం కెంటు అను నతడు చనిపోయిన తన భార్యకు తోబుట్టువైన ఫానీతో కలిసి, పార్సన్సు అనువాని యింట అద్దెకుండెను. పార్సన్సు అతనివద్ద అప్పు తీసికొని తీర్పడయ్యెను; తగవు న్యాయస్థానమునకెక్కెను. 1760లో ఫానీ మశూచికముతో మరణించినది. తరువాత పార్సన్సు కూతురు పండ్రెండేండ్ల పిల్ల పడుకొను మంచముకడ చప్పుళ్లు వినవచ్చినవి. ఒక చప్పుడైన ఔననియు, రెండైన కాదనియు సంకేతము. కెంటు తనకు విషము పెట్టెనని ఫానీ చెప్పుచున్నదని ఊరంతయు ప్రాకినది. ఇచటను మశూచికమే, ఇచటను వ్యాధి పోయి దోషి వచ్చెను. భేద మొక్కటే. రేనమ్ హాలు కథలో దోషి చచ్చినవాడు. ఈ కథలో దోషి బ్రతికియున్నవాడు, పైగా అప్పు ఇచ్చినవాడు.

అపుడు డాక్టరు శామ్యూల్ జాన్సను మొదలగు పెద్దలు పరీక్షకు పూనుకొనిరి. తన శవపేటికపై చప్పుడుచేసి సాక్ష్యమిత్తునన్న దయ్యమును వారు సమాధిగృహమునకు దిగి పిలువగా, అది పలుకలేదు. కొలది దినములకు ఆ పిల్ల దాచుకొన్న కొయ్యముక్క బయటపడెను. ఆ సంవత్సరముననే విచారణ జరిగి, పార్సన్సునకు బజారున బొండకొయ్యలో నిలుచుటయు రెండేండ్ల చెరసాలయు శిక్షగా పడెను. దయ్యము నేరము మోపినది. మోపించినవాడు చెరసాలకు పోయినాడు.

ఇది అకస్మాత్తుగా వచ్చిన వివేకము కాదు. 1712లో హెర్ట్‌ఫోర్డు నగరమున జేన్ వెన్హమ్ అను ముసలిదానిని మంత్రగత్తెయని న్యాయస్థానము దోషిగా నిర్ణయించెను. రాణి క్షమాభిక్షచే ఆమె బ్రతికినది. 1735లో పార్లమెంటు చేసిన శాసనము ఆ న్యాయమును తలక్రిందులు చేసినది. ఇకమీదట మంత్రగత్తెయని ఒకరిపై అభియోగము తెచ్చుట చెల్లదు. మంత్రశక్తి కలదని నటించుటయే నేరము. ఈ శాసనమునకు ముప్పదేండ్ల లోపుననే ఒట్రాంటో నవల వచ్చుట మాకు కాకతాళీయముగా తోచదు. పొరుగింటి ముసలిదానిని ఉరికంబమునకు పంపగల భయముతో ఎవడును చలిమంటవద్ద వినోదింపజాలడు. న్యాయస్థానము ఆ భయపు కోరలు పెరికిన పిమ్మటనే అది గ్రంథాలయమునకు వచ్చి పెంపుడుజంతువైనది.

పెంపుడుజంతువునకు మేత పెట్టువారును వెంటనే పుట్టిరి. ఎసెక్సు మండలమున 1862 ప్రాంతమున కట్టిన బోర్లీ మతాచార్యుని నివాసమును ఇందుకు ఉదాహరణముగా చెప్పవచ్చును. పూర్వమచట మఠముండెననియు, ప్రేమించిన సన్న్యాసిని నొకతెను గోడలో పెట్టి కట్టిరనియు కథ. మఠమున్నట్లు చరిత్రలో ఆధారము లేదు. 1929లో ఒక దినపత్రిక దీనిని ప్రచురించెను. హారీ ప్రైసు అను పరిశోధకుడు వచ్చెను. 1939లో ఇల్లు కాలిపోయెను. 1940లో ఆయన గ్రంథము వెలువడి, ఇంగ్లాండులోకెల్ల దయ్యముల తావుగా దానిని ప్రసిద్ధికెక్కించెను. 1956లో ఆయన సంఘమునకే చెందిన పరిశోధకులు ముగ్గురు కాగితములన్నియు చదివి, చప్పుళ్లలో పెక్కింటికి సహజకారణములు చూపుటయే కాక, ప్రైసు ప్రవర్తననే శంకించిరి. ఇల్లు లేదు, మఠము లేదు. కథ మాత్రము నిలిచియున్నది.

ఇట్టి భవనము తెలుగునాట చూడగోరువారు హైదరాబాదున కోఠిలోని పూర్వపు రెసిడెన్సీకి పోవలెను. నిజాము దర్బారున ఇంగ్లీషు రెసిడెంటుగా నుండిన జేమ్సు అకిలీస్ కర్క్‌పాట్రికు 19వ శతాబ్దపు తొలియేండ్లలో దానిని కట్టించెను. 1949నుండి అది స్త్రీవిద్యకు నెలవైనది. ఆయన ఖైరున్నీసా యను నవాబువంశపు కన్యను పెండ్లాడెను. ఘోషాలోనుండు భార్య ముంగిటికి వచ్చి మేడను చూడరాదు గనుక, ఆమెకొరకు తోటలో చిన్న నమూనామేడను కట్టించెనని చెప్పుకొందురు. కథ ముచ్చటగా నున్నది. కాని ఆ యింటి అసలు దుఃఖము ఆ కథలో లేదు. 1805లో వారి పిల్లలిద్దరిని చదువులకని ఇంగ్లాండునకు పంపిరి. తల్లి వారిని మరల చూడలేదు. ఆ యేడే భర్త కలకత్తాలో మరణించెను. 1813లో ఆమెయు చిన్నవయసుననే కన్నుమూసినది. ఎన్నో యేండ్లకు కూతురు కిట్టీ, హైదరాబాదులో బ్రతికియున్న అమ్మమ్మకు ఉత్తరములు వ్రాయగలిగినది. రేనమ్ హాలు కథ తల్లిని బిడ్డలనుండి విడదీయుటను కల్పించినది. కోఠిలో అది నిజముగా జరిగినది. దానిని చెప్పుటకు దయ్యము అక్కరలేకపోయినది, ఉత్తరములు చాలినవి.

మేము ఖమ్మమునకు భద్రాచలమునకు నడుమ అడవియంచున ఉపాధ్యాయవృత్తిలో నున్నవారము. ఈ ప్రాంతమున కోఠి మేడవంటి మేడలు లేవు. దుమ్ముగూడెముకడ గోదావరికి అడ్డముగా దొరలు కట్టించిన ఆనకట్ట, పడవలు దాటుటకు త్రవ్వించిన కాలువ, లాకులు కలవు. ఆర్థర్ కాటను తలపెట్టిన యెగువ గోదావరి నౌకాయానము 1871లో విరమింపబడగా, ఆ పనులు అర్ధాంతరముగా నిలిచిపోయినవి. మా బడిపిల్లల నడిగినచో పాడుపడిన దొరలబంగళా యేదైనను, అందు తెల్లగౌను దొరసాని తిరుగునని తడుముకొనక చెప్పుదురు. ఈ దొరసాని ఊరిలో పుట్టినది కాదు. పుస్తకములనుండియు తెరమీదనుండియు దిగివచ్చినది. మన ముసలమ్మల దయ్యములు చింతచెట్టుమీదనో చెరువుగట్టుననో వల్లకాటనో యుండును. వాని పాదములు వెనుకకు తిరిగియుండును. వానికి మేడలతో పనిలేదు. ఆ కట్టడములకు రాళ్లు మోసినవారు, కాలువ త్రవ్వినవారు, అడవి నరికినవారు ఎవరును పిల్లల కథలలో దయ్యములు కాలేదు. దయ్యమగుటకును ఒక యంతస్తు కావలెను కాబోలు.

ఈ తెల్లగౌను దొరసానివలన ఎవరికిని నష్టము లేదు. ఆమె పేరు చెప్పి ఎవరిని కొట్టరు. నష్టము మరియొక కథవలన కలుగుచున్నది. భద్రాచలము ప్రాంతము 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలో నుండి, పిమ్మట ఖమ్మము జిల్లాలో చేరినది. కావున గోదావరి మన్యపు మాటయగు చిల్లంగియు, తెలంగాణపు మాటయగు బాణామతియు ఇచట నొకచోట కలిసినవి. మాటలు రెండు, కథ యొకటే. బిడ్డకు జ్వరము వచ్చినది, ఎద్దు చచ్చినది, పడుచువాడు పది దినములలో కృశించి పోయినాడు. ఇది ఎవరో చేసినది. ఎవరు? ఊరిచివర ఒంటరిగా నుండు ముసలిది. పొలము గట్టుతగవులో నున్న దాయాది. మూలికలు తెలిసిన వృద్ధుడు. దుమ్ముగూడెమున మిషనరీగా నుండిన జాన్ కెయిను కోయలనుగూర్చి వ్రాసిన సంగతులను ఎడ్గర్ థర్స్టను 1909లో ప్రకటించిన గ్రంథమునందు చేర్చెను. పూర్వము చావు జరిగినపుడు శత్రువు మంత్రము చేయించెనని తలచి, శవమును అనుమానితుని యెదుటికి మోసికొనిపోయి, సలసల కాగు నూనెలోనో నీటిలోనో చేయిముంచి నిర్దోషిత్వమును చూపుమని యడుగువారట. ఇది అడవివారి దోషమని చదువుకొన్న మైదానమువారు తప్పించుకొనరాదు. మంత్రగాండ్రను నెపముతో మనుష్యుల పండ్లు ఊడబెరికిన ఘోరములు మైదానపు టూళ్లలోనే జరిగినవి. జాతీయ నేరగణాంకములలో హత్యలకు కారణములను పేర్కొనుచోట మంత్రవిద్య యనునది నేటికిని ఒక ప్రత్యేక శీర్షికగా నిలిచియున్నది.

రేనమ్ హాలు కథను, కాక్ లేన్ కథను, మన చిల్లంగి కథను ప్రక్కప్రక్కను పెట్టి చూడుడు. మూడింటికిని పునాది యొకటే: వ్యాధికి మారుగా మనిషి. అచట మశూచికము, ఇచట మలేరియా. ఆ మలేరియా రహస్యము ఎక్కడ బయటపడినది? సికిందరాబాదున బేగంపేటలో, 1897 ఆగస్టు 20వ తేదీన, రోనాల్డ్ రాసు ఒక దోమ పొట్టలో ఆ జ్వరబీజమును కనుగొనెను. మన్యపు జ్వరములకు దోషి దోమయని తెలుగునేలమీదనే తేలినది. ఆ వార్త ప్రపంచమంతయు తిరిగినది; ఆ పట్టణమునుండి మన అడవిపల్లెకు మాత్రము నేటికిని పూర్తిగా నడచిరాలేదు. దోమతెరయు రక్తపరీక్షయు చేరిన యింట చిల్లంగికి చోటు తగ్గుటను మేమెరుగుదుము. చేరనియింట మంత్రగాడే వైద్యుడు, వాడే న్యాయాధిపతి.

ఇపుడు మన రచయితలతో ఒక మాట. వీరేశలింగముగారు 1880నాటి రాజశేఖరచరిత్రమందే భూతవైద్యుల కపటమును నవ్వులపాలు చేసిరి. నూరేండ్ల తరువాత, 1980 ప్రాంతమున, మన వారపత్రికలలో క్షుద్రశక్తుల నవలలు వెల్లువెత్తినవి. చేతబడిని ఇతివృత్తముగా గొన్న యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళమును తెలుగుదేశమంతయు ఉత్కంఠతో చదివినది. ఆ నవలకు కథనపటిమ లేదనుట అన్యాయము. మా యాక్షేపణ నేర్పునుగూర్చి కాదు, ఆలంబనమునుగూర్చి. ఇంగ్లీషు రచయిత చనిపోయిన ప్రభువుపై నేరము మోపినచో ఆ ప్రభువు సమాధిలో దొర్లుటయే కాని కొంప మునుగదు. మన రచయిత బ్రతికియున్న మంత్రగానిపై, వాని చేతిలోని బొమ్మపై, నిమ్మకాయపై నేరము మోపినచో, ఆ పుస్తకము మూసిన చదువరి తన యూరిలో అట్టివాని కొరకు వెదకగలడు. ఇంగ్లాండువారు 1735లో తెచ్చుకొన్న రక్షణ వంటిది మన దేశమున బీహారునకు 1999లో, మహారాష్ట్రమునకు 2013లో, కర్ణాటకమునకు 2017లో శాసనరూపమున లభించినది. మహారాష్ట్రమున దానికై జీవితమంతయు పాటుపడిన నరేంద్ర దాభోల్కరు హంతకుల గుండ్లకు బలియైన పిమ్మట గాని అది రాలేదు. రక్షణ ఇంకను చాలని నేలమీద, రక్షణ కలిగినవారి వినోదమును అరువు తెచ్చుకొనువాడు రెండింతలు జాగరూకుడై యుండవలెను.

భయానకమును విడువుమని మేము చెప్పుటలేదు. అరువు అక్కరలేదు, మన యింటనే నిధి కలదు. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమందు సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరములో బేతాళుడు వల్లకాటినుండి రాజు భుజమెక్కి వచ్చును. దయ్యమే; భయంకరుడే. కాని యతడు నేరము మోపడు, ప్రశ్న వేయును. అందొక కథ. ఆకలితో వచ్చిన బ్రాహ్మణునకు ఒక గృహిణి అన్నము పెట్టినది. అతడు దానిని చెట్టుక్రింద పెట్టి కాలుసేతులు కడుగుకొనుచుండగా, పామును పట్టిన డేగ యొకటి ఆ కొమ్మపై వ్రాలినది. పాము నోటినుండి విషము అన్నమున పడినది, తిన్నవాడు చచ్చినాడు. చచ్చుచు ఆ యిల్లాలినే నిందించినాడు. భర్త ఆమెను ఇల్లు వెడలగొట్టినాడు. దోషమెవరిదని బేతాళుడడిగెను. పాము పరవశము, డేగ తన యాహారము తాను తెచ్చుకొన్నది, అన్నము పెట్టినవారు ధర్మము చేసినవారు. కావున విచారింపక వీరిలో నొకరిని దోషియని ఎవడు పలుకునో, ఆ పాపము వానిదేయని రాజు చెప్పెను.

పిల్లలకు దయ్యపుకథ చెప్పవలసివచ్చినపుడు తల్లిదండ్రులు ఈ కథను చెప్పవచ్చును. రేనమ్ హాలు దొరసానినిగూర్చియు చెప్పవచ్చును, చివర మశూచికమును విడువకుండిన చాలును. ఊరిలో ఎవరిపేరైనను చిల్లంగితో ముడిపడి వినవచ్చిననాడు, రాజు చెప్పిన తీర్పును తలచుకొని, మంత్రగాని యింటికి పోవు త్రోవనుండి ఆ జ్వరపుబిడ్డను ఆసుపత్రి త్రోవకు మళ్లించి, ఆ ముసలిదాని గుమ్మమున నలుగురు చదువుకొన్నవారు పోయి కూర్చుండవలెను.